తాబేలు కన్నీరు, మిషన్ మొండితనం

ఫిబ్రవరి వచ్చిందంటే మా బంధువుల వాట్సాప్ గుంపులోకి తాబేళ్లు వస్తాయి. ఈసారి వచ్చిన వీడియోలో ఇసుకలో గొయ్యి తవ్వుకొని గుడ్లు పెడుతున్న తాబేలు, దాని కంటి నుంచి జారుతున్న చిక్కటి నీరు, వెనకాల ఎవరిదో వేణువు. కింద పెద్ద అక్షరాలు: 'పుట్టబోయే బిడ్డల ముఖం ఎన్నటికీ చూడలేనని తెలిసి ఏడుస్తున్న తల్లి'. పంపింది శ్రీకాకుళంలో ఉండే మా అక్క. అప్పటికే పదకొండు మంది చేతులు జోడించారు. నేను ఒడిశాలోని బరంపురంలో ముప్పై ఏళ్లు తెలుగు మాధ్యమం పిల్లలకు సామాన్య శాస్త్రం చెప్పినవాణ్ణి. ఊరుకోలేకపోయాను. "అది ఏడుపు కాదు, ఉప్పు" అని రాశాను.

గుంపంతా చప్పబడిపోయింది. పావుగంటకు అక్క ఫోను చేసింది. "నీ ఎర్ర సిరా ఇంకా ఆరలేదురా" అంది.

నేను రాసినదాంట్లో అబద్ధం లేదు. సముద్రపు తాబేలు తినేదాంట్లోనూ తాగేదాంట్లోనూ ఉప్పే. ఆ ఉప్పునంతా బయటికి పంపే శక్తి దాని మూత్రపిండాలకు చాలదు. అందుకని కళ్ల దగ్గర ప్రత్యేకమైన గ్రంథులు ఉంటాయి. సముద్రపు నీటికన్నా ఉప్పగా ఉండే ద్రవం వాటి నుంచి కారుతూ ఉంటుంది. నీళ్లలో ఉన్నప్పుడూ కారుతుంది, కాకపోతే మనకు కనబడదు. గట్టెక్కినప్పుడు కనబడుతుంది, కంట్లో పడిన ఇసుకను కూడా కడుగుతుంది. ఇదంతా నిజమే. అయినా అక్క మాట నాకు వారం రోజులు గుచ్చుకుంటూనే ఉంది. ఈ వ్యాసం ఆ వారం చలవే.

ఎర్ర సిరా సంగతి

అక్క అన్నది ఊరికే కాదు. బడిలో నాకు పేరు తెచ్చింది ఆ సిరానే. ఒకసారి ఎనిమిదో తరగతి పిల్లవాడు పరీక్షలో 'అయస్కాంతానికి ఇనుము అంటే ఇష్టం, రాగి అంటే ఇష్టం లేదు' అని రాశాడు. అడ్డంగా గీత కొట్టి సున్నా వేశాను. ఇష్టాయిష్టాలు మనుషులకు, అయస్కాంతానికి కాదు అని తరగతి అంతటికీ ఉపన్యాసం ఇచ్చాను. అదే వారం పై తరగతిలో సోడియం గురించి చెబుతూ, 'దానికి బయటి కక్ష్యలో ఒక్కటే ఎలక్ట్రాన్ ఉంటుంది, దాన్ని వదిలించుకోవాలని చూస్తుంది; క్లోరిన్‌కు ఒకటి తక్కువ, అది లాక్కోవాలని చూస్తుంది' అన్నాను. వదిలించుకోవాలని చూసేది ఎవరు? ఏ కళ్లతో చూస్తుంది? పిల్లలు అడగలేదు. అడిగి ఉంటే సున్నా నాకు పడేది.

మన భాష నిండా ఇదే. 'నీరు పల్లమెరుగు' అన్న సామెతలో నీటికి తెలివి ఉంది. ఎండ మండిపడుతుంది, వాన మొహం చాటేస్తుంది, బండి మొరాయిస్తుంది. 2018 అక్టోబరులో పలాస దగ్గర తీరం దాటి, మా పక్కనున్న గజపతి జిల్లా కొండలను కూడా అతలాకుతలం చేసిన తుపాను పేరు తిత్లీ, అంటే సీతాకోకచిలుక. దానికి పేరు పెట్టినవారిది ఒక ఊహ, దాని కింద నలిగినవారిది ఇంకొక ఊహ. ఆ రోజుల్లో నోరు తెరిస్తే అందరిదీ ఒకటే మాట, పగబట్టి వచ్చింది అని.

కాబట్టి నా మొదటి లొంగుబాటు ఇది. మనిషి గుణాలను ఇతర వాటికి చేబదులివ్వకుండా మనం పట్టుమని పది వాక్యాలు మాట్లాడలేం. మాట్లాడవద్దని ఇతరులను శాసించే అర్హత నాకు అసలే లేదు. మిగిలిన ప్రశ్న ఒక్కటే: చేబదులిచ్చాక మనం ఆ జంతువునో వస్తువునో ఇంకాస్త దగ్గరగా చూస్తున్నామా, లేక ఇక చూడటం మానేస్తున్నామా?

ఉప్పు, చెమట

నాలుగేళ్ల క్రితం మనవరాలిని తీసుకొని ఋషికుల్య నది సముద్రంలో కలిసే చోటికి వెళ్లాను. ఆలివ్ రిడ్లీ తాబేళ్లు గుంపులు గుంపులుగా గుడ్లు పెట్టే ఈ తీరం సంగతి శాస్త్రవేత్తల లెక్కలోకి ఎక్కింది 1994లో. అక్కడి మత్స్యకారులకు మాత్రం తరతరాలుగా తెలుసు. ఒడియావారు నోళియాలని పిలిచే ఆ జాలర్లలో చాలామంది ఇళ్లలో ఈనాటికీ తెలుగే. 2025 ఫిబ్రవరిలో ఆరు లక్షలకు పైగా తాబేళ్లు వచ్చాయని లెక్క తేలింది. మేము వెళ్లిన రాత్రి అంత సంబరం లేదు. చీకట్లో అక్కడక్కడ ఇసుక ఎగరడం, డిప్పలు నేలకు రాసుకున్న చప్పుడు, అంతే.

కాపలా ఉన్న నలభై ఏళ్ల జాలరి మమ్మల్ని దూరంగా కూర్చోబెట్టాడు. నేను అలవాటు కొద్దీ టార్చి తీశాను. "వెలుగు ఆపండి బాబూ, అమ్మ పనిలో ఉంది" అన్నాడు. ఆపేశాను. కాసేపటికి కళ్లు చీకటికి అలవాటు పడ్డాయి. ఒక తాబేలు మా ముందు నుంచే సముద్రం వైపు తిరిగి వెళుతోంది. దాని ముఖం తడిగా మెరిసింది. మనవరాలు అడిగింది, ఎందుకు ఏడుస్తోంది అని.

నేను నోరు తెరిచేలోపే అతను చెప్పాడు. "ఏడవడం లేదు తల్లీ, ఉప్పు దించుకుంటోంది. మనకు చెమట పట్టదూ, అలాగ."

ఆ జవాబును నేను అప్పుడు మెచ్చుకొని మరిచిపోయాను. అక్క ఫోను తర్వాత మళ్లీ గుర్తొచ్చి, దానిలోని సొగసు ఇప్పుడు అర్థమైంది. ఒక మనిషి గుణాన్ని తీసేసి ఇంకొక మనిషి గుణాన్ని పెట్టాడు. ఏడుపు పోయింది, చెమట వచ్చింది. రెండూ మనవే. కానీ మొదటిది దగ్గర ఆలోచన ఆగిపోతుంది, అయ్యో అని చేతులు జోడించడంతో సరి. రెండోది విన్న పిల్ల వెంటనే, "ఉప్పు ఎందుకు ఎక్కువైంది? నీళ్లు తాగడం వల్లా?" అని అడిగింది. నా ముప్పై ఏళ్ల బోధనలో అంత చిన్న వాక్యంతో అంత పెద్ద ప్రశ్న పుట్టించిన గుర్తు లేదు. నేనైతే గీత కొట్టి ఊరుకునేవాణ్ణి.

అదే మనిషి తాబేలును అమ్మ అన్నాడని గమనించండి. ఉప్పు అని తెలిసినవాడే అమ్మ అన్నాడు. ఆ అమ్మతనం మీద అతనికి భ్రమలూ లేవు. గుడ్లు నూరు, నూట ఇరవై దాకా పెట్టి, ఇసుక కప్పేసి, తన డిప్పతో చదును చేసి, వెనుదిరిగి చూడకుండా వెళ్లిపోతుంది. నెలన్నర, రెండు నెలలకు పిల్లలు వాటంతట అవే ఇసుక చీల్చుకొని వస్తాయి. గూటి ఇసుక వేడిని బట్టి అవి ఆడవో మగవో తేలుతుంది, వేడి పెరిగితే ఆడపిల్లలు. ఇందులో తల్లి ప్రమేయమే లేదు. మా అక్క పంపిన వీడియో నిజంగా నిజాయితీగా మనిషి కొలత పెట్టి ఉంటే, ఇదెక్కడి తల్లి అని తిట్టాలి. కన్నీరు మాత్రం తీసుకొని, వదిలిపోవడాన్ని వదిలేసింది. మనకు ఖర్చు లేని గుణాలే మనం ధారాళంగా ఇస్తాం.

ఖర్చు ఉన్నది జాలరికి. నవంబరు 1 నుంచి మే 31 దాకా ఈ నదీముఖం దగ్గర తీరం నుంచి 20 కిలోమీటర్ల లోపు చేపల వేటకు నిషేధం. అతనే అన్నాడు, నవ్వుతూనే: "అమ్మే, కాదనను. కానీ ఏడు నెలలు మా కడుపు మీద కూర్చుంటుంది." ఆ వీడియోలో ఈ కడుపు లేదు. వేణువు మాత్రం ఉంది.

అలిగిన మగ్గం, మొండి మిషన్

మా వీధిలో ఒక పెద్దమ్మ ఉంది. పట్టు నేసే ఇల్లు. కొడుకు మగ్గం మీద కూర్చుంటాడు, ఆవిడ యాభై ఏళ్లుగా కండెలు చుడుతోంది. వానాకాలంలో గుంట మగ్గం దగ్గర చెమ్మ చేరి పడుగు వదులైనప్పుడు ఆవిడ, "ఇవాళ ఇది అలిగింది" అంటుంది. అని ఊరుకోదు. వంగి పోగుల మీద వేళ్లు ఆనించి ఎక్కడ వదులైందో చూస్తుంది, కొడుక్కి చెబుతుంది, వాడు బిగిస్తాడు. అలక తీరుతుంది. ఆవిడ మాటలో అలక అంటే రోగ నిర్ధారణ. నాలాంటివాడు దానికి తేమ, సాగుడు, బిగువు అని మూడు పదాలు వాడతాడు, పోగు మీద వేలు మాత్రం పెట్టడు.

ఒక నెల ఆవిడను తీసుకొని కంట్రోలు దుకాణానికి వెళ్లాను. ఏ దుకాణం, ఏ వీధి అన్నది అనవసరం. మిషన్ మీద వేలు పెట్టింది. ఎర్ర దీపం. తుడిచి పెట్టింది. ఎర్ర దీపం. పది వేళ్లూ అయ్యాయి. దుకాణం అబ్బాయి, "మెసిన్ మానుని" అన్నాడు ఒడియాలో, మిషన్ ఒప్పుకోవడం లేదని. రేపు రమ్మన్నాడు. ఆవిడ నవ్వి, "దానికి నా మీద కోపం బాబూ" అంది నాతో. అప్పటికి అది మూడో నెల అని ఇంటికి వచ్చే దారిలో తెలిసింది.

ఒకే నోట రెండు మాటలు: మగ్గం అలిగింది, మిషన్‌కు కోపం. మొదటిదాని తర్వాత చెయ్యి ముందుకు వెళ్లింది. రెండోదాని తర్వాత మనిషి వెనక్కి తిరిగింది. మగ్గం ఎందుకు అలుగుతుందో ఆవిడకు తెలుసు, మిషన్ లోపల ఏముందో తెలియదు కాబట్టి అంతేనా? కొంత అంతే. కానీ దుకాణం అబ్బాయికి తెలుసు. యాభై ఏళ్లు పట్టు పోగు జారిన వేలి మీద గీతలు అరిగిపోతాయి. గీతలు ఎంత స్పష్టంగా ఉంటే పచ్చ దీపం వెలగాలో ఎక్కడో ఒక మనిషి నిర్ణయించాడు. వెలగకపోతే బియ్యం ఎలా ఇవ్వాలో, అసలు ఇవ్వాలో వద్దో, ఇంకొక మనిషి నిర్ణయించాడు. 'ఒప్పుకోవడం లేదు' అన్న క్రియకు కర్తగా మిషన్‌ను కూర్చోబెట్టగానే ఆ మనుషులందరూ గోడ వెనక్కి వెళ్లిపోయారు. మిషన్‌తో ఎవరు పోట్లాడతారు?

ఇక్కడ ఒక పక్కదారి. తెలుగులో 'పెద్దమ్మ వచ్చింది', 'గేదె వచ్చింది', 'మిషన్ వచ్చింది', మూడింటికీ క్రియ ఒకటే. మన వ్యాకరణం మహత్తు, అమహత్తు అని గీత గీసి, ఒంటరిగా ఉన్న ఆడమనిషిని గేదె వైపు నిలబెట్టింది. పదిమంది ఆడవాళ్లు కలిసి వస్తే మాత్రం 'వచ్చారు' అని ఇటు చేర్చింది. ఒడియాలో ఈ గొడవ లేదు. మగవాడైనా ఆడదైనా ఆవైనా బస్సైనా 'ఆసిలా', గౌరవించదలచుకుంటే 'ఆసిలే'. వ్యాకరణం నుంచి నీతి పిండటం నాకు నచ్చదు, తెలుగువారందరూ ఆడవారిని గేదెల్లా చూశారని తేల్చేవారితో నేను ఏకీభవించను. కానీ ఆ రోజు దుకాణం ముందు, పెద్దమ్మకు కర్త పదవి ఇవ్వని వాక్యం మిషన్‌కు ఇచ్చిందని మాత్రం అనిపించింది. పెద్దమ్మ కూడా ఒప్పుకోకపోవచ్చు కదా, ఖాళీ సంచితో తిరిగి వెళ్లడానికి. ఆ వాక్యం ఎవరూ అనలేదు. నేనూ అనలేదు. మరుసటి నెల మాత్రం ఆ మాట అన్నాను. ఫోనుకు వచ్చే అంకెలు చెప్పినా బియ్యం ఇవ్వవచ్చని అప్పుడు ఆ అబ్బాయికి జ్ఞాపకం వచ్చింది.

పాము పగ

ఇప్పుడు నా వాదనకు అడ్డం వచ్చేవాటి సంగతి. నాకొక మిత్రుడు ఉన్నాడు, కళాశాలలో జంతుశాస్త్రం చెప్పి విశ్రాంతి తీసుకున్నాడు. అతను ఈ చేబదుళ్లు అసలే వద్దంటాడు. 1894లో బ్రిటిష్ మనస్తత్వ శాస్త్రవేత్త లాయిడ్ మోర్గాన్ చెప్పిన సూత్రం అతనికి వేదం: జంతువు చేసిన పనిని తక్కువ స్థాయి మానసిక శక్తితో వివరించగలిగినప్పుడు ఎక్కువ స్థాయి శక్తిని అంటగట్టవద్దు. జాలరి చెమట ఉపమానం బాగుంది సరే, నూటికి ఒక్కరు అలా అంటారు, తొంభై తొమ్మిది మంది ఏడుపు దగ్గరే ఆగుతారు అంటాడు. పైగా ఈ గుణాల దానం ఎప్పుడూ కరుణ వైపే వెళ్లదంటాడు. పామునే చూడు. పగబడుతుందని, చంపినవాడి బొమ్మ దాని కంట్లో నిలిచిపోతుందని మన ఊళ్లలో ఎంత నమ్మకం! ఆ పగ మనది. పాము మనిషిని గుర్తు పెట్టుకొని వెతుక్కుంటూ రాదు. మన పగను దానికి తొడిగి, ఆ భయంతో విషం లేనిదాన్ని కూడా కర్రతో కొడతాం.

దీనికి నా దగ్గర జవాబు సగమే ఉంది. 1960లో ఆఫ్రికాలోని గోంబె అడవికి వెళ్లిన జేన్ గుడాల్ చింపాంజీలకు అంకెలు ఇవ్వకుండా పేర్లు పెట్టింది, వాటి స్వభావాల గురించి రాసింది. శాస్త్రజ్ఞులు అప్పుడు తప్పు పట్టారు. కానీ గడ్డిపరకతో చెదపురుగులను బయటికి లాగిన చింపాంజీని, అది ఏదో ఆలోచిస్తోందని అనుమానించి ఓపికగా కూర్చున్నందువల్లే గదా ఆమె చూడగలిగింది. మిత్రుడు చెప్పే పద్ధతిలో కళ్లు శుభ్రంగానే ఉంటాయి. అంత ఓపిక ఎక్కడి నుంచి వస్తుంది? అతను నవ్వి, ఓపిక జీతం నుంచి వస్తుంది అన్నాడు.

సగం జవాబే అని ఎందుకన్నానంటే, మా గంజాం జిల్లాలోనే నా వాదనను పట్టించుకోని ఊళ్లు ఉన్నాయి. భేట్నొయి చుట్టుపక్కల పొలాల్లో కృష్ణజింకలు మందలుగా తిరుగుతాయి, పంట మేస్తాయి. రైతులు వాటిని ఏమీ చేయరు. వాటికి మనసుందనో, తల్లిప్రేమ ఉందనో కాదు. కరువు రోజుల్లో జింకలు వచ్చాకే వానలు పడ్డాయని, అవి మేసిన పొలం కలిసి వస్తుందని వాళ్ల నమ్మకం. మనిషి పోలిక లేకుండానే కాపాడారు. బహుశా మనలా ఉన్నదాన్ని మాత్రమే గౌరవించగలం అన్నది మా బోటి చదువుకున్నవారి జబ్బేమో. దీన్ని నా అభిప్రాయంలో ఎక్కడ ఇరికించాలో ఇంకా తేలలేదు, అందుకని ఇక్కడే వదిలేస్తున్నాను.

'నేను' అనే మిషన్

ఇంతవరకు చెప్పిన వాటిలో ఏదీ, నాకు మనసుంది అని తనకు తానుగా అనలేదు. తాబేలు అనలేదు, మగ్గం అనలేదు, కంట్రోలు మిషన్ కూడా అనలేదు. మొన్న నా బ్యాంకు లెక్కలో ఏదో తేడా వచ్చి ఫోను చేస్తే, తీయటి ఆడగొంతు "మీకు కలిగిన అసౌకర్యానికి నేను చాలా బాధపడుతున్నాను" అంది. నేను మర్యాదకు "పరవాలేదమ్మా" అన్నాను. వెంటనే అదే గొంతు, అదే రాగంలో, ఒకటి నొక్కమంది. ఎదురుగా కూర్చున్న మనవరాలు పగలబడి నవ్వింది.

2023 జులైలో ఒడిశాలోని ఓటీవీ చానల్ లీసా అనే కృత్రిమ వార్తా వాచకురాలిని తెర మీదికి తెచ్చింది. చేనేత చీర కట్టి వార్తలు చదివించింది. ఆ చీర చూసి పెద్దమ్మ కొడుకు అడిగిన ప్రశ్న నాకు నచ్చింది: "కట్టుకున్నది మనిషి కాదు సరే. ఆ చీర నేసింది ఎవరు, మిషనేనా మాస్టారూ?"

ఇది కొత్త సంగతి కాదు. 1966లో అమెరికాలో జోసెఫ్ వైజెన్‌బామ్ అనే కంప్యూటర్ శాస్త్రవేత్త, మనిషితో సంభాషించే ఎలీజా అనే కంప్యూటర్ ప్రోగ్రామ్ గురించి ప్రకటించాడు. మనం టైపు చేసిన వాక్యాన్నే అటూ ఇటూ తిప్పి, ప్రశ్నగా మన మీదికి విసరడం దాని పని. అది తయారవుతుండగా రోజూ చూసిన ఆయన కార్యదర్శి, దానితో నాలుగు మాటలు మాట్లాడాక, మీరు కాసేపు గదిలోంచి వెళతారా అని ఆయననే అడిగింది. లోపల ఏమీ లేదని తెలిసినంత మాత్రాన చేబదులు ఆగలేదు. తాను తయారుచేసిన వస్తువును చూసి వైజెన్‌బామ్ భయపడ్డాడు, తర్వాతి జీవితమంతా హెచ్చరిస్తూ గడిపాడు.

తాబేలు విషయంలో మనసు మనం ఇస్తున్నాం, కనుక వెనక్కి తీసుకోగలం, చెమటగా మార్చి ఇవ్వగలం. 'నేను బాధపడుతున్నాను' అనే గొంతు విషయంలో మనం ఇవ్వకముందే జేబులో చెయ్యి పడింది. ఆ చేతి వెనుక జీతగాళ్లు ఉన్నారు, ఏ గొంతు పెడితే కోపం తగ్గుతుందో పరీక్షించి చూసినవారు. అందుకే ఆ మిషన్‌ను తిట్టడమూ, దానికి కృతజ్ఞతలు చెప్పడమూ నాకు ఒకే పొరపాటులా కనిపిస్తాయి. మనవరాలు మాత్రం ఫోనులోని సహాయకురాలికి రోజూ థాంక్యూ చెబుతుంది. "అది వినదు కదమ్మా" అంటే, "నేను వింటాను కదా తాతయ్యా" అంది. ఎర్ర సిరా తీయబోయి ఆగాను.

ఒక భయం కూడా ఉంది, దాచను. జంతువులకు నొప్పే తెలియదని, అవి కీ ఇచ్చిన గడియారాల్లాంటివని నమ్మిన పండితులు ఐరోపాలో ఉండేవారు. వారూ నాలాగే, ఇది ఉప్పు, ఇది చక్రం, ఇది స్ప్రింగు అని గీతలు కొట్టి ఉంటారు. లోపల ఏమీ లేదని ఇవాళ నేను ఇంత ధీమాగా చెప్పే వస్తువుల్లో దేని విషయంలోనైనా రేపు నా గీత అలాగే నవ్వులపాలు కావచ్చు. అప్పటికి నేనుండను. ఉన్నంతవరకు మాత్రం, పెద్దమ్మ ఖాళీ సంచికి జవాబు మిషన్‌ను అడగను, మనిషినే అడుగుతాను.

రాయడం ఇక్కడిదాకా వచ్చాక అక్క పంపిన వీడియో మళ్లీ తీసి చూశాను. ఈసారి కన్నీరు వదిలేసి, అది ఎందుకు అంత బాగా మెరుస్తోందో చూశాను. చుట్టూ కటిక చీకటి. తాబేలు ముఖం మీద మాత్రం తెల్లటి వెలుగు. అక్కకు రాశాను: "ఆ వెలుగు ఎక్కడిదక్కా?"

గంట తర్వాత జవాబు వచ్చింది. "ఎవరో కళ్లలోకి లైటు కొట్టి తీసినట్టున్నారురా. పాపం, పని చేసుకోనివ్వకుండా." ఆ వెనుకే ఇంకొకటి: "మళ్లీ బడి పెట్టావు నువ్వు."